పదిహేడు అడుగులు

మా మామయ్య ఏ మీట నొక్కినా తలెత్తి చూసేవాడు. ఫ్యాను తిరుగుతోందని, దీపం వెలిగిందని కళ్ళారా చూసుకున్నాక గాని మీట మీంచి వేలు తీసేవాడు కాదు. "నొక్కడం సగం పనే అమ్మాయ్, చూడడం మిగతా సగం" అనేవాడు. అత్తయ్య ఊరుకుంటుందా? "పెళ్ళయిన రెండేళ్ళ దాకా నన్నూ అలాగే తలెత్తి చూసేవాడు, నిజంగానే అయిందా లేదా అని" అనేది. ఆ మాటకి మా ఇంట్లో నవ్వనివాళ్ళు లేరు, మామయ్యతో సహా.

ఆయన మా అమ్మకి తమ్ముడు. ఇంట్లోనూ, కాలేజీలోనూ అందరికీ మీటల మామయ్యే. ఆయన చేతిలోంచి ఆ మీటలు పోయింది నా వల్ల. తప్పు నాది, నింద ఆయనది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి చెబితే కథ రక్తి కడుతుందేమోగాని, దాచడం అనే పని నేను ఇప్పటికే ఆరేళ్ళు చేశాను. చాలు.

మామయ్య పనిచేసింది వ్యవసాయం చదువు చెప్పే ఒక కాలేజీలో. అక్కడి పెద్ద హాల్లో నాలుగు వందల కుర్చీలు, వేదిక పక్కన అద్దాల కిటికీ ఉన్న చిన్న గది. ఆ గదే ఆయన రాజ్యం. గోడకి ఆయనే చెక్కతో చేసుకున్న బోర్డు, దాని మీద నలభై రెండు మీటలు. ప్రతి మీట కిందా చేతిరాతతో ఒక చీటీ, దాని మీద టేపు. దీపాలు, తెరలు, మైకులు అన్నీ అక్కడినుంచే. కానీ శబ్దాన్ని పెంచే యంత్రాలూ, ప్రసంగాలు రికార్డు చేసే యంత్రమూ మాత్రం వేదిక వెనక ఇంకో గదిలో, ఒక ఇనుప బీరువాలో ఉండేవి. ఈ గది నుంచి ఆ బీరువాకి పదిహేడు అడుగులు. బడి సెలవుల్లో ఆయన వెంట వెళ్ళినప్పుడు నేనే లెక్కపెట్టాను.

రికార్డు మీట నొక్కగానే మామయ్య లేచి ఆ పదిహేడు అడుగులూ వేసేవాడు. యంత్రం మీద ఎర్ర దీపం వెలిగిందా, పక్కన అంకెలు కదులుతున్నాయా అని వంగి చూసి మళ్ళీ పదిహేడు అడుగులు వెనక్కి వచ్చి కూర్చునేవాడు. ప్రసంగం మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి. ముప్ఫై ఏళ్ళలో ఆ నడవాలో గచ్చు నున్నబడింది. ఏ ప్రసంగమూ రికార్డు కాకుండా పోలేదు.

ఆ హాల్లో ఎక్కువగా మాట్లాడింది నేల మేష్టారు. మట్టి గురించి పాఠాలు చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఆ ఒంట్లోంచి వస్తోందంటే నమ్మలేం. కోటు జేబులో ఎప్పుడూ గుప్పెడు మట్టి ఉండేది, ఆ కోటు ఉతికేది ఆయన భార్య కాబట్టి ఆవిడ తిట్లు కూడా ఉండేవి. ఇరవై నాలుగేళ్ళు ఆయన కాలరుకి మైకు తగిలించింది మామయ్యే. మైకు పరీక్షించడానికి అందరూ "ఒకటి, రెండు, మూడు" అంటారు కదా, ఈయన "ఒకటి, రెండు, మట్టి" అనేవాడు. లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మామయ్య ప్రతిసారీ నవ్వేవాడు. ఇరవై నాలుగేళ్ళు అదే జోకు, అదే నవ్వు. ఇద్దరికీ వేరే స్నేహం ఏమీ లేదు. ఒకరింటికి ఒకరు వెళ్ళింది కూడా తక్కువే. కానీ ఆయన గొంతు ఏ రోజు ఎలా ఉందో ఇంట్లోవాళ్ళకంటే ముందు మామయ్యకి తెలిసేది. గొంతులో జబ్బు ఉందని డాక్టరు చెప్పడానికి మూడు నెలల ముందే, "మేష్టారి గొంతులో ఏదో గీరుతోందే" అని అత్తయ్యతో అన్నాడట.

ఇక నా సంగతి. చదువయ్యాక టచ్ ప్యానెళ్ళకి ప్రోగ్రాములు రాసే పనిలో చేరాను. సమావేశం గదుల్లో బల్ల మీద పలకంత తెర ఉంటుంది చూడండి, దాని మీద వేలు పెడితే దీపాలూ మైకులూ అన్నీ మాట వింటాయి. ఆ తెరకి బుద్ధి నేర్పే పని. రెండేళ్ళు ఒకరి దగ్గర చేసి సొంతంగా మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ళకే సొంత పని కదా, కళ్ళు నెత్తికెక్కాయి. నాకు దొరికిన మొదటి పెద్ద పని మామయ్య హాలే. ఆ నలభై రెండు మీటల బోర్డు తీసేసి టచ్ ప్యానెల్ పెట్టాలి. అది బాగుంటే అదే సంస్థలో మరో పదకొండు హాళ్ళు నాకే ఇస్తామన్నారు.

మామయ్య బాధపడతాడేమో అనుకున్నాను. ఆయనే స్క్రూడ్రైవరు తెచ్చి బోర్డు విప్పాడు. విప్పి, చీటీలన్నీ జాగ్రత్తగా ఊడదీసి జేబులో పెట్టుకుని, "నాకూ నేర్పవే ఈ ప్రోగ్రాము" అన్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి. నేను నవ్వి సరేనన్నాను. తాతకి దగ్గులు నేర్పబోతున్నానని అప్పుడు తెలియదు.

వాళ్ళ భోజనాల బల్ల మీద పాఠాలు మొదలయ్యాయి. మొదటి పాఠం, కంప్యూటరు తెరవకూడదు. ముందు కాగితం మీద బటన్లు ఎక్కడెక్కడ ఉండాలో గీసుకోవాలి. కాగితం నలుగుతుందని మామయ్య చెప్పుల పెట్టె మూత తెచ్చుకున్నాడు. దాని మీద బటన్లు గీసి, ఒళ్ళో పెట్టుకుని వారం రోజులు వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. "దీపాలు తగ్గించు, మైకు తెరువు, రికార్డు" అని గొణుక్కుంటూ నొక్కేవాడు. "ఈయన కంప్యూటరు నేర్చుకుంటున్నాడని చుట్టాలందరికీ చెప్పాను, తీరా చూస్తే చెప్పుల పెట్టె నొక్కుకుంటున్నాడు" అని అత్తయ్య తల కొట్టుకుంది.

కానీ వారం తర్వాత ఆయన నా బొమ్మలో మూడు తప్పులు పట్టుకున్నాడు. ఆపే బటన్ ఒక్కో పేజీలో ఒక్కో చోట ఉంది, కంగారులో ఉన్నవాడు వెతుక్కోలేడు, అన్ని పేజీల్లోనూ ఒకే మూల ఉండాలన్నాడు. మైకు ఆపే బటన్ పక్కనే హాలంతా ఆర్పేసే బటన్ పెట్టావేమిటే అన్నాడు. బటన్లు నీ వేలికి సరిపోతాయి గానీ నా వేలికి కాదు అని బొటనవేలు చూపించాడు. మూడూ మార్చాను. మార్చి, నాకే తోచినట్టు కాలేజీవాళ్ళకి చెప్పుకున్నాను.

తర్వాత పాఠాలు: ప్రతి బటన్‌కీ ఒక అంకె ఉంటుంది, ప్రోగ్రాముకి తెలిసేది ఆ అంకె ఒక్కటే, అందుకని ఏ అంకె ఏమిటో పక్కనే మాటల్లో రాసుకోవాలి. మామయ్య జేబులోంచి ఆ పాత చీటీలు తీసి అంకెల పక్కన అంటించుకున్నాడు. బటన్ నొక్కగానే ఏ యంత్రానికి ఏ మాట పంపాలో ఒక లైను రాయాలి. అదీ వచ్చింది. చత్వారం కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేవాడుగాని, కొట్టింది మర్చిపోయేవాడు కాదు.

ఆ తర్వాతిది బటన్ వెలగడం. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది తేలిక: వేలు పడగానే బటన్ వెలుగుతుంది, అంతే. రెండోది కాస్త పని: బటన్ నొక్కితే యంత్రానికి కబురు వెళుతుంది, యంత్రం ఆ పని మొదలుపెట్టి "అయింది" అని జవాబు పంపుతుంది, ఆ జవాబు వచ్చాకే బటన్ వెలుగుతుంది. దీపాలకీ మైకులకీ నేను రెండో దారే రాశాను. రికార్డు యంత్రం జవాబు చెప్పాలంటే మాత్రం దానికి విడిగా ఒక తీగ లాగాలి, దాని భాష చదువుకోవాలి. రెండు రోజుల పని. ప్రారంభోత్సవం దగ్గర పడింది. తర్వాత చూద్దాంలే అని దానికి మొదటి దారి రాసి పడేశాను.

మామయ్య ఆ లైను దగ్గర ఆగాడు.

"ఇక్కడ బటన్ ఎర్రబడింది, సరే. అక్కడ రికార్డు మొదలైందని దీనికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు మామయ్యా. మనం నొక్కాంగా."

"మనం నొక్కామని మనకి తెలుసు. అక్కడ అయిందో లేదో కదా తెలియాల్సింది?"

"అబ్బ, ఎన్నిసార్లు పరీక్షించాననుకున్నావు? నలభైసార్లు నొక్కాను, నలభైసార్లూ పనిచేసింది. నీకు అన్నీ అనుమానాలే."

ఆయన నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నాడు. నేను నేర్పేదాన్ని, తను నేర్చుకునేవాడు కదా. మొదటి దారి అని తన నోటుబుక్కులో రాసుకుని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. నాకు కోపం వచ్చింది కూడా. ఇప్పుడు ఆ కోపం తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ప్రారంభోత్సవం నాడు కాలేజీ పరిపాలన ఆఫీసరు చూడడానికి వచ్చాడు. మామయ్య రికార్డు బటన్ నొక్కి, అలవాటు ప్రకారం లేచి నడవాలోకి బయల్దేరాడు. "ఇంత ఖర్చు పెట్టినా మీ ఆపరేటరు నడక మానలేదేమిటమ్మా?" అని ఆఫీసరు నవ్వాడు. నాకు తలకొట్టేసినట్టయింది. "మామయ్యా, తెరని నమ్ము. అది నీలా ముసలిది కాదు" అన్నాను. ఆఫీసరు ఇంకా పెద్దగా నవ్వాడు. మామయ్యా నవ్వాడు, గుమ్మం దగ్గరినుంచి వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన పదిహేడు అడుగులు వేయడం తగ్గించేశాడు. ఎవరూ చూడనప్పుడు వెళ్ళేవాడేమో, తెలియదు.

నాలుగు నెలలకి నేల మేష్టారి ఆపరేషను ఖాయమైంది. స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు. ఆపరేషనుకి తొమ్మిది రోజుల ముందు ఆయన చివరి పాఠం పెట్టారు. అప్పటికి ఆ సంవత్సరమంతా గొంతు బాగాలేక ఆయన పాఠాలే చెప్పలేదు. అంతకుముందు రికార్డు చేసినవి కాలేజీవాళ్ళు చెరిపేసి వాటి మీదే కొత్తవి చేస్తూ వచ్చారు, ఇన్నేళ్ళూ అదే పద్ధతి. అందుకే ఈ ఒక్కటీ ఉంచుకోవాలని మేష్టారి భార్య స్వయంగా మామయ్య దగ్గరికి వచ్చి చెప్పింది. "పిల్లల కోసం కాదు బాబూ, నా కోసం. ఇంట్లో ఆయన మాట ఉండాలి" అంది.

ఆ పొద్దున హాల్లో కరెంటు మరమ్మతు జరిగింది. జనమంతా వచ్చి కూర్చున్నాక గాని కరెంటు రాలేదు. నేను మామయ్య పక్కనే కూర్చున్నాను, పనేమీ లేదు, నా తెర ఎలా పనిచేస్తుందో చూసుకుని మురిసిపోవడానికి. కరెంటు రాగానే మేష్టారు వేదిక ఎక్కాడు. "ఒకటి, రెండు, మట్టి" అన్నాడు, సగం గొంతుతో. మామయ్య నవ్వి, రికార్డు బటన్ నొక్కాడు. బటన్ ఎర్రగా వెలిగింది.

మామయ్య కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగాను. "కూర్చో మామయ్యా. ఎర్రగా వెలుగుతోందిగా! మళ్ళీ ఆ నడకేంటి, అందరూ చూస్తున్నారు."

ఆయన నా మొహం వంక చూశాడు, బటన్ వంక చూశాడు, కూర్చున్నాడు. పాఠం సాగినంతసేపూ రెండుసార్లు తలుపు వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పాఠం గంటా పది నిమిషాలు. మేష్టారు ఒక గాజు జాడీలో నీళ్ళు పోసి, జేబులోంచి మట్టి తీసి అందులో వేసి కలిపాడు. ఏది ముందు అడుగుకి చేరుతుందో, ఏది చివరిదాకా నీళ్ళలోనే ఉండిపోతుందో చూడమన్నాడు. "తొందరేమీ లేదు, చూడండి" అని ఆయన ఊరుకుంటే నాలుగు వందల మందీ ఒక జాడీ వంక చూస్తూ కూర్చున్నారు. చివరికి వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్ల మధ్య మేష్టారు కాలరు మైకు దగ్గరికి వంచుకుని, అద్దంలోంచి మామయ్యని చూస్తూ ఏదో అన్నాడు. హాల్లో ఎవరికీ వినపడలేదు, హెడ్‌ఫోన్లలో మామయ్యకి వినపడింది. "బాగా వచ్చిందా?" అని అడిగాడు.

మామయ్య బొటనవేలు ఎత్తి చూపించాడు. మేష్టారు తల పంకించి మైకు తీసేశాడు.

అప్పుడు లేచి వెళ్ళాడు మామయ్య. పదిహేడు అడుగులూ నాకు వినపడ్డాయి. తిరిగొచ్చే అడుగులు వినపడలేదు. కాసేపు చూసి నేనే వెళ్ళాను. ఆయన బీరువా ముందు నిలబడి ఉన్నాడు. యంత్రం మీద "సిద్ధం" అని ఉంది. అంకెలన్నీ సున్నాలు.

ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. ఆ యంత్రానికి కరెంటు పోయి వస్తే మేలుకోవడానికి నిమిషం పైన పడుతుంది. ఆ నిమిషంలో ఎవరేం చెప్పినా దానికి వినపడదు. మామయ్య నొక్కిన క్షణంలో అది ఇంకా నిద్ర లేవలేదు. నేను పరీక్షించిన నలభైసార్లూ అది మేలుకునే ఉంది. నిద్రలో ఉన్నవాణ్ణి పిలిచి, పలికాడో లేదో చూడకుండా లేచాడని అందరికీ చెప్పినట్టు ఉంది నా ప్రోగ్రాము. మొదటి దారి.

హాల్లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి ఇంకెవరి దగ్గరా ఆ పాఠం లేదు. మళ్ళీ చెప్పించుకుందామంటే మేష్టారి గొంతు పెగల్లేదు. ఆపరేషను కూడా ముందుకి జరిపారు.

నాలుగో రోజు ఆఫీసరు గదిలో విచారణ. మేష్టారి భార్య కూడా వచ్చి ఒక మూల కూర్చుంది. ఆఫీసరు నన్నే ముందు అడిగాడు, ప్రోగ్రాములో ఏమైనా లోపం ఉందా అని. పదకొండు హాళ్ళ కాగితం ఆయన బల్ల మీదే ఉంది, సంతకం కాలేదు. మూడు రోజులుగా నిజం చెప్పాలనే అనుకుంటున్నాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. తీరా ఆ గదిలో కూర్చున్నాక నా నోట్లోంచి వచ్చింది వేరు.

"ప్రోగ్రాము నలభైసార్లు పరీక్షించామండీ. ఒక్కోసారి టచ్ సరిగ్గా పడకపోవచ్చు."

మామయ్య నా వంక చూశాడు. కోపంగా కాదు. దీపం మీట నొక్కి దీపం వంక చూసినట్టు చూశాడు. కాసేపు అలాగే చూసి ఆఫీసరు వైపు తిరిగాడు.

"అవునండీ. వేలు సరిగ్గా పడలేదేమో. వయసు మీద పడిందిగా."

మేష్టారి భార్య లేచి మామయ్య దగ్గరికి వచ్చింది. "ఒక్క ముక్కైనా లేదా బాబూ?" అంది.

"లేదమ్మా" అన్నాడు మామయ్య.

ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడనూ లేదు.

మామయ్యని సామాన్ల గదికి మార్చారు. ట్యూబులైట్లు, చీపుళ్ళు, సుద్దముక్కల పెట్టెలు. అక్కడ రెండేళ్ళు కూర్చుని పదవీ విరమణ చేశాడు. ఆ గదిలో ఉన్నది ఒకే మీట. పదకొండు హాళ్ళూ నాకే వచ్చాయి. వచ్చిన వారమే మరమ్మతు అని చెప్పి పాత హాలుకి వెళ్ళి, రికార్డు యంత్రానికి తీగ లాగి, రెండో దారి రాశాను. రెండు రోజులు పడుతుందనుకున్న పని ఒక్క పూటలో అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, ఆ కాలిన చేతులూ నావి కావు.

మామయ్య ఇంటికి వెళ్ళడం తగ్గించాను. పనుల ఒత్తిడి అని ఫోన్లో అత్తయ్యకి చెప్పేదాన్ని. వెళ్ళినప్పుడు ఆయన మామూలుగానే పలకరించేవాడు, కానీ నా పని గురించి మాత్రం అడిగేవాడు కాదు. నేర్పమని మళ్ళీ ఎప్పుడూ అనలేదు. రెండేళ్ళ తర్వాత మేష్టారు పోయాడు. మామయ్య వెళ్ళి వాళ్ళ గేటు దగ్గరే నిలబడి వచ్చేశాడని అత్తయ్య చెప్పింది.

ఇప్పుడు నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పాఠాలు చెబుతున్నాను. బటన్ వెలిగే రెండు దారులూ మొదటి రోజే చెబుతాను. మొదటి దారి తొక్కితే ఏమవుతుందో, ఒక చివరి పాఠం ఎలా పోయిందో కథలా చెబుతాను. మొన్న ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తి, "నిజంగా జరిగిందా మేడమ్? ఎవరు చేశారు ఆ తప్పు?" అని అడిగింది. "ఎవరో" అన్నాను. ఆ మాట అన్నాక ఇక పాఠం సాగలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే మామయ్య ఇంటికి వెళ్ళాను. పెరట్లో కుళాయికి కొత్త వాషరు వేస్తున్నాడు. కట్టేసి, చుక్క కారుతోందేమోనని దాని ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. నేను పక్కన నిలబడి గబగబా చెప్పేశాను. వేలు సరిగ్గానే పడిందని, తప్పు నా లైనులో ఉందని, అది నాకు ఆ రోజే తెలుసని.

ఆయన కుళాయి మీంచి కళ్ళు తిప్పలేదు.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"చదవడం నువ్వే నేర్పావుగా. సామాన్ల గదికి వెళ్ళే ముందు ఒకసారి ప్రోగ్రాము తెరిచి, నువ్వు మార్చావేమోనని చూసుకున్నాను. మొదటి దారి."

"మరి ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"నేను చెబితే నీ పని పోయేది. నువ్వు చెబితే నీ పరువు నిలిచేది. అందుకని చూశాను, నువ్వే చెబుతావని. ఒక ఏడాది చూశాను. గేటు చప్పుడైతే నువ్వేననుకునేవాణ్ణి. తర్వాత మానేశాను." కుళాయి తుడిచి లేచాడు. "నిన్ననడమెందుకులే. ఆ వేలెత్తి చూపించానే, అదీ నన్ను నిద్రపోనివ్వంది. ఆయన అడిగాడు. చూడకుండా చెప్పాను."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమని అనలేదు. కాలేజీకి వెళ్ళి అందరికీ చెప్పేస్తానన్నాను.

"అక్కడెవరున్నారే చెప్పడానికి? ఆఫీసరు కూడా వెళ్ళిపోయాడు. మేష్టారి భార్యకి చెప్పు."

"ఇవాళే వెళ్తాను."

"వెళ్తానంటే నాకెందుకు? వెళ్ళొచ్చాక చెప్పు."

మేష్టారి ఇంటి గుమ్మంలోనే నిలబడి చెప్పాను. లోపలికి రమ్మంటే ఎక్కడ చెప్పలేకపోతానో అని. ఆవిడ తలుపు రెక్క పట్టుకుని మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆయన గొంతు నాకు మరుపుకొస్తోందమ్మా" అంది. "మొహం కళ్ళకి కడుతుంది, ఫొటోలున్నాయి. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా రావడంలేదు. పొద్దున లేచి నన్నెలా పిలిచేవాడా అని వెతుక్కుంటాను." తర్వాత అడిగింది. "మీ మామయ్య చెవుల్లో పెట్టుకుని విన్నాడు కదా ఇన్నేళ్ళూ? ఒకసారి రమ్మను. ఏమీ అననని చెప్పు. ఆయన ఎలా మాట్లాడేవాడో చెబుతాడేమో, విందామని."

తిరిగి వచ్చేసరికి మామయ్య వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ అన్నదంతా చెప్పాను.

"ఆవిడే రమ్మందా? నువ్వు రమ్మనమన్నావా?"

"ఆవిడే మామయ్యా. నేను అడగలేదు."

లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు. అత్తయ్య గుండీలు సరిచేసింది, ఒక్క జోకూ వేయలేదు. గేటు దగ్గర ఆయన ఆగిపోయాడు. గడియ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపాడు. "ఒకటి, రెండు, మట్టి." మళ్ళీ ఒకసారి అన్నాడు, గొంతు మార్చి. కాదన్నట్టు తల ఊపాడు.

"మాటలు గుర్తున్నాయి. ఆ గొంతు రావడంలేదు నాకూ" అన్నాడు. "ఆవిడ అప్పుడే అడిగి ఉంటే చెప్పేవాణ్ణే. అప్పుడు ఇంకా చెవుల్లోనే ఉండేది."

గేటు తీసి, అది మళ్ళీ సరిగ్గా పడిందో లేదో చూసుకుని, మేష్టారి ఇంటివైపు నడిచాడు.